500, 600, 700: సంప్రదాయ విల్లుకు ఏ షాఫ్ట్ మేలు?

ఏడాదిన్నరగా నన్ను ఎక్కువ మంది అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: నలభై పౌండ్ల విల్లు ఉంది, కార్బన్ షాఫ్టులు 500 కొనాలా, 600 కొనాలా, 700 సరిపోతాయా? (షాఫ్ట్ అంటే బాణపు కాడ, సంఖ్య పెరిగే కొద్దీ కాడ మెత్తన. పౌండ్లంటే విల్లును లాగడానికి పట్టే బరువు.) అడిగేవారిలో సగం మంది అప్పటికే 500 కొనేసి, అదే సరైనదని నా చేత అనిపించుకోవడానికి వచ్చినవారే. నేను ఆ మాట అనలేకపోవడానికి కారణాన్ని ఒకసారి వివరంగా రాస్తే మేలనిపించింది.

బెజవాడలో ఈ పొరపాటు ఎక్కువగా జరగడానికి ఒక కారణముంది. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేశాడని చెప్పుకునే ఊరే అయినా, ఇప్పుడు ఇక్కడ విలువిద్య అనగానే మొదట గుర్తుకు వచ్చేవి కప్పీలుండే కాంపౌండ్, కొసలు ముందుకు వంగిన ఒలింపిక్ రికర్వ్ విల్లులే. 2023 హాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఈ ఊరి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది కాంపౌండ్‌లో. 2024 పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టు పోటీలో నాలుగో స్థానంలో నిలిచిన ఈ ఊరి ధీరజ్‌ది రికర్వ్. అందువల్ల కొత్తవారికి దొరికే సలహాలూ, ఏ విల్లుకు ఏ షాఫ్టో చెప్పే చార్టులూ చాలావరకు ఆ విల్లులకు సంబంధించినవే అవుతాయి. ఆ విల్లులలో బాణం దాదాపు నడిమి గీత మీదే కూర్చుంటుంది. పైగా కాంపౌండ్‌లో నారిని వదిలేది వేళ్ళు కాదు, రిలీజ్ పరికరం. రికర్వ్‌లో ఇంకా మిగిలిన తేడాను ప్లంజర్ (బాణాన్ని పక్క నుంచి ఆపే స్ప్రింగ్ బుడిపె) సర్దుతుంది. మన వెదురు విల్లుకూ లాంగ్‌బో అనే పొడవాటి చెక్క విల్లుకూ ఈ సౌకర్యాలలో ఒక్కటీ లేదు.

నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది విల్లు మీద రాసిన పౌండ్ల సంఖ్య కాదు, పిడి దగ్గర విల్లును ఎంత లోతుగా కోశారన్నది. కుడిచేతితో లాగేవారికి బాణం విల్లుకు ఎడమ పక్కన ఆనుకుని ఉంటుంది, కానీ నారి తిరిగి వచ్చేది నడిమి గీత మీదికే. నిండుగా లాగినప్పుడు బాణం ఇంచుమించు తిన్నగానే చూస్తున్నట్టు ఉన్నా, నారి ముందుకు పోతున్న కొద్దీ దాని తోక నడిమికి చేరుతుంది, మొన మాత్రం పిడి అడ్డుపడటం వల్ల ఎడమకు తిరుగుతుంది. వేళ్ళ మీది నుంచి జారేటప్పుడు నారి పక్కకు తోసే తోపు దీనికి అదనం. ఇంత జరిగినా బాణం గురి వైపే పోతుందంటే, అది ముందు వంగి, ఆ వంపుతోనే పిడిని తప్పించుకుని, అటు తరువాత ఊగిసలాడుతూ తిన్నబడుతున్నదన్నమాట. 1930లలో క్లారెన్స్ హిక్‌మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అతివేగ కెమెరాతో తీసిన చిత్రాలలో ఈ మెలిక కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

ఇప్పుడు స్కేలు పెట్టి కొలిచి చూడండి. కోత లేని విల్లు పిడి వెడల్పు 30 మిల్లీమీటర్లు అనుకుంటే, బాణం నడుము నడిమి గీతకు 15 మిల్లీమీటర్లు, దానికి తోడు బాణపు సగం మందం మరో నాలుగు, మొత్తం సుమారు 19 మిల్లీమీటర్లు పక్కకు ఉంటుంది. నడిమి దాకా కోసిన రికర్వ్‌లో అదే దూరం ఆ నాలుగు మిల్లీమీటర్లే. రెండు విల్లుల మీదా 40 పౌండ్లనే రాసి ఉన్నా, మొదటి విల్లు బాణాన్ని దాదాపు ఐదు రెట్లు ఎక్కువ దూరం చుట్టి రమ్మంటుంది. బిరుసు బాణం అంత వంగలేదు. దాని తోక పిడికి తగులుతుంది, బాణం ఎడమకు పోతుంది.

దీన్ని నేను తేలికగా తెలుసుకోలేదు. మొదటి లాంగ్‌బో కొన్నప్పుడు, అమ్మిన దుకాణంవారు చెప్పిన ప్రకారం ఆరు 500 షాఫ్టులు 28 అంగుళాలకు కోయించుకున్నాను. బాణాలన్నీ ఎడమకే పోతుండటంతో తప్పు నాదేననుకుని నిలబడే తీరు మార్చాను, మోచేయి మార్చాను, చివరికి గురిని జానెడు కుడికి జరిపి కొట్టడం అలవాటు చేసుకున్నాను. రెండు నెలల తరువాత ఒక సాయంత్రం కృష్ణ ఒడ్డున విల్లును ఎండకు ఏటవాలుగా పట్టి చూస్తే, పిడి తోలు మీద ఎడమ పక్కన అరంగుళం మేర నున్నగా మెరిసే గీత పడి ఉంది. వదిలిన ప్రతిసారీ వినిపించే ‘టక్’ శబ్దాన్ని నేను విల్లు స్వభావం అనుకున్నాను. నిజానికి అది బాణం తోక పిడిని కొట్టుకుంటున్న చప్పుడు.

సంఖ్యల విషయంలో ఇంకొక తికమక ఉంది. కార్బన్ లెక్క వేరు, చెక్క లెక్క వేరు. కార్బన్ షాఫ్టును 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాల మీద పెట్టి, నడుమ 880 గ్రాములు వేలాడదీస్తే అది అంగుళంలో ఎన్ని వేయో వంతులు కుంగుతుందో ఆ సంఖ్యే దాని స్పైన్. 500 అంటే 12.7 మిల్లీమీటర్లు, 600 అంటే 15.2, 700 అంటే 17.8. చెక్క బాణాలకు ఎడం 26 అంగుళాలు, బరువు 2 పౌండ్లు. ఆ కుంగును అంగుళాలలో కొలిచి, 26ను దానితో భాగిస్తే పౌండ్లు వస్తాయి, అంటే ఇంచుమించు అన్ని పౌండ్ల విల్లుకు ఆ బాణం నప్పుతుందని. ఈ రెండో లెక్కలోకి మారిస్తే 500 సుమారు 63 పౌండ్లు, 600 సుమారు 52, 700 సుమారు 45 అవుతాయి. కోత లేని 40 పౌండ్ల విల్లుకు 28 అంగుళాల 500 షాఫ్ట్ ఎంత పొసగనిదో ఇక్కడే తెలిసిపోతుంది. రెండు మేకులు, చిన్న సంచిలో కిరాణా కొట్టువాడు తూచి ఇచ్చిన 880 గ్రాముల ఇసుక, ఒక స్కేలు ఉంటే ఈ కొలత ఇంట్లోనే తీసుకోవచ్చు. ఇసుక తూచమని అడిగినప్పుడు అతను నన్ను చూసిన చూపు మాత్రం ఇంకా గుర్తుంది.

పిడి కోత తరువాత చూడవలసింది వేళ్ళ మీద నిజంగా పడే బరువు. విల్లు మీద రాసిన సంఖ్య 28 అంగుళాలు లాగినప్పటిది. చేతులు బార చాపిన కొలతను రెండున్నరతో భాగిస్తే లాగే పొడవు స్థూలంగా వస్తుంది, బార ఇంచుమించు మనిషి ఎత్తంతే ఉంటుంది కాబట్టి, అయిదడుగుల అయిదంగుళాల మనిషి లాగేది 26 అంగుళాలే. అంగుళానికి రెండు నుంచి మూడు పౌండ్లు తగ్గుతాయి. గుంటూరు నుంచి వచ్చే ఒక ఇంజనీరింగ్ విద్యార్థి తన నలభై పౌండ్ల వెదురు విల్లుకు 500 కొంటానన్నాడు. ‘చార్టులో అదే ఉందండి’ అన్నది అతని వాదన. లగేజీ తూచే కొక్కెం త్రాసును నారికి తగిలించి, అతను లాగే మేరకు లాగించి చూస్తే 15.8 కిలోలు చూపింది, అంటే 35 పౌండ్లకు కొంచెం తక్కువ. వెదురు విల్లుకు పిడి దగ్గర కోత ఉండదు. అతనికి 700 చెప్పాను, అది కూడా 30 అంగుళాలకు తక్కువ కోయవద్దని చెప్పాను.

పొడవు మాట ఎందుకంటే, 28కి మించి పెరిగే ప్రతి అంగుళానికీ షాఫ్ట్ సుమారు 5 పౌండ్ల మేర మెత్తబడుతుంది. ములికి బరువు పెంచినా అదే ఫలితం. ఈ లెక్కన 45 పౌండ్ల 700 షాఫ్ట్ 30 అంగుళాల దగ్గర 35కు దిగుతుంది. అదే విల్లుకు 600ను 31 అంగుళాలు ఉంచి, 125 గ్రెయిన్లకు (సుమారు 15 గ్రెయిన్లు ఒక గ్రాము) బదులు 150 గ్రెయిన్ల ములికితో కూడా సరిపెట్టవచ్చు. నిజంగా వేళ్ళ మీద 40 పౌండ్లు పడి, విల్లు నడిమి దాకా కోసి ఉంటే నేను 600నే ఎంచుకుంటాను, 29 అంగుళాలకో 30కో. నారి కాస్త సాగే డాక్రాన్ దారం కాకుండా సాగని రకమైతే బాణం ఒక మెట్టు బిరుసుగా ఉన్నా నడుస్తుంది. 500 అనేది నడిమి దాకా కోసిన 50 పౌండ్ల విల్లులకు. లేదా పూర్తి పొడవు ఉంచి, 200 గ్రెయిన్ల ములికి పెట్టుకోవడానికి ఓపిక ఉన్నవారికి.

ఎటూ తేలకపోతే మెత్తని వైపే తప్పు చేయమంటాను. మెత్తని షాఫ్టును కోసుకుంటూ పోతే బిరుసెక్కుతుంది, ములికి బరువు తగ్గించినా బిరుసెక్కుతుంది. ముందే పొట్టిగా కోసిన బిరుసు షాఫ్టుకు ములికి బరువు పెంచడం తప్ప దారి లేదు. అయితే మెత్తదనానికీ హద్దు ఉంది, మెత్తని షాఫ్ట్ తేలికగా కూడా ఉంటుంది. విల్లు పౌండుకు 8 గ్రెయిన్ల కంటే తక్కువ తూగే బాణం చెక్క విల్లుకు చేటు. పౌండుకు 10 గ్రెయిన్లు ఉంటే విల్లు చప్పుడూ తగ్గుతుంది, చేతికి అదురూ తగ్గుతుంది.

చెక్క, వెదురు బాణాల సంగతి వేరుగా చెప్పాలి. ఒకే కట్టలోని రెండు వెదురు కాడలు ఒకే బిరుసుతో ఉండవు. ఒకే కాడ కూడా తిప్పి కొలిస్తే ఒక్కో వైపు ఒక్కోలా కుంగుతుంది. బిరుసు వైపు పిడికి ఆనేటట్టు నారి గాడి కోయాలి. మన వానాకాలపు తేమకు నిన్న తిన్నగా ఉన్న కాడ ఇవాళ వంకర తిరుగుతుంది, దాన్ని సన్నని సెగ మీద తిప్పుతూ వేళ్ళతో సరిదిద్దుకోవాలి. ఇరవై కాడలు కొలిస్తే ఆరు జత కుదురుతాయి. అంత శ్రమకు సిద్ధపడితే కోత లేని విల్లుకు వెదురును మించిన బాణం లేదని నా అభిప్రాయం, కానీ అడిగేవారికి వెంటనే ఆ సలహా ఇవ్వను. అల్యూమినియంలో 1916 రకం స్పైన్ 0.623 అంగుళాలు, 1816ది 0.756, చవకే, ఒకసారి వంగితే మాత్రం పూర్తిగా మునుపటిలా కాదు. ఫైబర్‌గ్లాస్ బాణాలు పిల్లల ఆటకు చాలు.

ఏది కొన్నా కోయకుండా తెచ్చుకోండి. మూడింటికి ఈకలు అంటించి, రెండింటిని ఈకలు లేకుండా ఉంచి, గాలి లేని ఉదయం 15 మీటర్ల నుంచి కొట్టి చూడాలి. కుడిచేతివారికి ఈకలు లేనివి మిగతావాటికి ఎడమన దిగితే షాఫ్ట్ బిరుసు, కుడిన దిగితే మెత్తన. కుడిన దిగుతున్నంత కాలం తోక వైపు నుంచి పావు అంగుళం చొప్పున మాత్రమే కోయండి. కార్బన్ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు కాబట్టి ముక్కుకు మాస్కు కట్టుకోండి. రెండు రకాలూ అరచేయంత ఎడంలో కలిసి దిగి, ఇంకా రవ్వంత కుడి మొగ్గు మిగిలి ఉన్నప్పుడే కోయడం ఆపేస్తాను. ఈకలు ఆ రవ్వంతను సర్దుతాయి.