రాండమ్ నంబర్ల యూఎస్‌బీ డాంగిల్ కొనేవాళ్ళకు జాగ్రత్త

ఆ నీలం డాంగిల్ అమ్మే ఆయన ఎవరో మీలో చాలామందికి తెలుసు, పేరు రాయను. 'లోపల అవలాంచ్ నాయిస్ సర్క్యూట్ ఉంది సార్, అసలైన రాండమ్' అని 4,200 రూపాయలకు అంటగట్టాడు. అవలాంచ్ నాయిస్ అంటే డయోడ్ లాంటి భాగానికి రివర్స్‌లో ఎక్కువ వోల్టేజి పెడితే ఊహించలేనట్టు వచ్చే కరెంటు అలజడి. మేం చేసే డోర్ లాకులకు కీలు, అంటే ఎవరూ ఊహించలేని రహస్య అంకెలు, తీయడానికి కొన్నాను. వచ్చినరోజే రాండమ్‌తనం కొలిచే ఎంట్ అనే ప్రోగ్రామ్‌తో చూస్తే బైటుకు 7.99 బిట్లు (గరిష్ఠం 8). ఆర్‌ఎన్‌జీటెస్ట్ అనే ఇంకో టెస్టూ పాస్. డీహార్డర్ అనే పెద్ద టెస్టుల సెట్ రాత్రంతా నడిపాను, అదీ పాస్. నమ్మేశాను.

సోమవారం రెండు లాకులకు ఒకే కీ కనబడింది. అంటే ఒకరింటి తాళంతో ఇంకొకరి తలుపు తెరుచుకుంటుంది! డాంగిల్ పీకి, మళ్ళీ పెట్టి, మొదటి బైట్లు చూశాను. 7ఎ, 19, సి4, 0ఇ. మళ్ళీ పీకి పెట్టాను. 7ఎ, 19, సి4, 0ఇ. మూడోసారీ అవే. నా చేతులు చల్లబడిపోయాయి.

మూత ఊడదీస్తే ఒక మైక్రోకంట్రోలర్, ఒక క్రిస్టల్, రెండు కెపాసిటర్లు. అంతే. అవలాంచ్ నాయిస్ రావాలంటే మామూలుగా యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులు చాలవు, వోల్టేజి పెంచే సర్క్యూట్ కావాలి. అదే లేదు. ఒకే సీడ్‌తో (లెక్క మొదలుపెట్టే అంకె) ప్రతిసారీ అవే అంకెలు వండి వడ్డిస్తోంది. మంచి అల్గారిథమ్ ఉంటే అలాంటి అంకెలు కూడా ఈ టెస్టులన్నీ పాసవుతాయి, ఎందుకంటే అవి అంకెల పోకడనే చూస్తాయి, పుట్టుక చూడవు.

ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? 'టెస్టులు పాసయ్యాయిగా సార్, మీకు వాడటం రాక మా మీద పడితే ఎలా?' వైటెనింగ్‌కు (ముడి అంకెల్లోని మొగ్గును చెరిపేసే దశ) ముందు ముడి డేటా ఇవ్వమన్నాను. 'అది సీక్రెట్' అని పెట్టేశాడు. డబ్బు పోతే పోయింది, ఆ మాట మాత్రం ఇంకా మండుతోంది.

తప్పు నాది కూడా. డెబియన్ లైనక్స్‌లో కీలు తయారుచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ప్రాసెస్ ఐడీ (నడిచే ప్రోగ్రామ్‌కు ఇచ్చే నంబరు) తప్ప వేరే ఎంట్రోపీ, అంటే ఊహించలేనితనం, లేక, ఒక్కో రకానికి 32,768 కీలే వచ్చాయని 2008లో బయటపడ్డ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా లైనక్స్ కెర్నెల్ పూల్‌లో (చాలా చోట్ల నుంచి వచ్చే రాండమ్‌తనాన్ని కలిపి ఉంచే చోటు) కలపకుండా, డాంగిల్ నుంచి నేరుగా కీలు తీశాను. ఆ పూల్ నుంచి అంకెలిచ్చే గెట్‌రాండమ్ కాల్ వాడి ఉంటే ఈ గతి పట్టేది కాదు.

కొనేముందు ముడి డేటా ఇస్తారా అని అడగండి, ఇవ్వకపోతే వదిలేయండి. కొన్నాక పీకి పెట్టి మొదటి బైట్లు పోల్చండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చిన ఎస్‌పీ 800-90బీ పత్రంలో రీస్టార్ట్ టెస్టే ఉంది: 1,000 సార్లు రీస్టార్ట్ చేసి, ప్రతిసారీ 1,000 శాంపిల్స్ తీయాలి. నేను రెండుసార్లు చేసినా దొరికిపోయేవాడు.

37 లాకులకు కీలు మార్చాలి. ఇప్పటికి తొమ్మిది ఇళ్ళు అయ్యాయి.