బ్రౌన్ లేయర్ పెట్టలని పుంజుపిల్లలు అంటగడుతున్నాడు, జాగ్రత్త

ఎవరో పేరు చెప్పక్కర్లేదు, మీకే తెలుస్తుంది. పొద్దున లేస్తే చాలు "డే ఓల్డ్ బ్రౌన్ లేయర్, అన్నీ పెట్టలే, గ్యారంటీ" అని వీడియో పెట్టే మహానుభావుడు. బ్రౌన్ లేయర్ అంటే గుడ్ల కోసం పెంచే గోధుమ రంగు కోడి, డే ఓల్డ్ అంటే పుట్టి ఒక్కరోజైన పిల్ల. 40 పిల్లలు తీసుకున్నా. ఆరో వారం నడుస్తోంది. 37 పుంజులని తేలిపోయింది. మిగిలిన 3 ఇంకా బయటపడలేదంతే, వాటి మీదా ఆశ లేదు.

"బ్రౌన్ లేయర్ అన్నారు, పిల్లలు పసుపుగా ఉన్నాయేంటి?" అని అడిగితే "ఈకలొచ్చాక రంగు తిరుగుతుంది సార్, కంగారెందుకు" అన్నాడు. ఆ తర్వాత చేసిందే అసలు మోసం. ఒక పిల్లని అరచేతిలో పెట్టుకుని, రెండు వేళ్లతో రెక్కని విసనకర్రలా విప్పి, గోటితో చూపించాడు. "ఇదిగో పొడుగీక, పైన పొట్టీక. తేడా ఉంటే పెట్ట. ఇంకోటి తీయమంటారా?" ఇంకోటి తీశాడు. అదీ అంతే. మూడోదీ అంతే. నేను తలూపాను. ఆ రెక్క పరీక్ష ఏ పిల్లకి పనిచేస్తుందో, ఏ పిల్లకి చెయ్యదో తెలిసుండి కూడా తలూపాను!

అసలు రెక్క దాకా పోనేకూడదు. రంగే చెప్పేసింది. మార్కెట్లో దొరికే బ్రౌన్ లేయర్ హైబ్రిడ్‌లో తండ్రి ఎర్ర రకం, తల్లి తెల్ల రకం. తల్లి తెలుపు సిల్వర్ జన్యువుది, అది ఎరుపుని అణిచేస్తుంది, పైగా లింగ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కోళ్లలో మన లెక్కకి తిరకాసు. పుంజుకి రెండు జెడ్ క్రోమోజోమ్‌లు, పెట్టకి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. తల్లి తన జెడ్‌ని కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకి తండ్రి జెడ్ ఒక్కటే. అందుకని కొడుకులు లేతపసుపు నూగుతో, కూతుళ్లు ఇటుక రంగు నూగుతో పుడతారు. గుడ్డులోంచి బయటికొచ్చిన రోజే హ్యాచరీలో రంగు చూసి రెండు ట్రేల్లోకి విడదీసేస్తారు. గుడ్ల వ్యాపారానికి పనికిరాని ఆ పసుపు ట్రే చవగ్గా బయటికి పోతుంది. మా ఇంటికొచ్చింది ఆ ట్రేనే. బ్రౌన్ లేయర్ అని చెప్పి పసుపు పిల్ల చూపిస్తే అది పుంజే, రెండో ఆలోచన వద్దు. రంగు తిరగదు. తెల్లగా పెరుగుతుంది, భుజాల దగ్గర అక్కడక్కడ గోధుమ రంగు మరకలొస్తాయి, అదే వాడు చెప్పిన "తిరగడం".

"ఇవి వైట్ లెగ్‌హార్న్ అండీ" అని, అంటే గుడ్లు పెట్టే తెల్లకోడి జాతి అని, మాట మారిస్తే మాత్రం రంగు ఏమీ చెప్పదు. లెగ్‌హార్న్‌లో పుంజూ పెట్టా రెండూ పసుపే. బ్రాయిలర్ పిల్లా పసుపే. బ్రాయిలర్‌ని వంటింటి త్రాసు పట్టేస్తుంది. మొదటిరోజు ఇంచుమించు 40 గ్రాములుండే పిల్ల సరైన మేతతో వారంలో నాలుగింతలు దాటితే అది బ్రాయిలర్. లేయర్ పిల్ల వారంలో రెట్టింపు కావడమే గొప్ప.

ఇక ఆ రెక్క సంగతి. రెక్క అంచున రెండు వరుసలుంటాయి. కింది వరుస రెక్క ఈకలు, పైన వాటిని కప్పే ఈకలు. కింది వరుస స్పష్టంగా పొడుగుంటే పెట్ట, రెండూ సమానంగా ఉన్నా, పైవరుసే పొడుగున్నా పుంజు. ఈ మాట నిజమే, కానీ తల్లి ఈకలు నిదానంగా వచ్చే రకం, తండ్రి త్వరగా వచ్చే రకం అయి, కావాలని ఆ పరీక్ష కోసమే జత కట్టిన లైన్‌లోనే. తల్లీ తండ్రీ ఇద్దరూ త్వరగా ఈకలొచ్చే రకమైతే పుంజుకీ పెట్టకీ ఒకేలా తేడా కనిపిస్తుంది. అప్పుడు డబ్బాలో ఏది తీసినా "పెట్టే". వాడు ధైర్యంగా మూడు తీసి చూపించింది అందుకే. ఇంకో ముప్ఫై ఏడు తీసినా పెట్టలే అయ్యేవి.

రెండో షరతు వయసు. ఈ పరీక్ష మొదటి ఒకట్రెండు రోజులకే. తర్వాత నిదానం రకానికీ ఈకలు సాగి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. డే ఓల్డ్ అవునో కాదో ముక్కు చూస్తే తెలుస్తుంది. పై ముక్కు చివర, గుడ్డు పెంకు పగలగొట్టుకోవడానికి ఉప్పురవ్వంత తెల్లటి మొన ఉంటుంది. ఒకట్రెండు రోజుల్లో రాలిపోతుంది. నా డబ్బాలో ఒక్క పిల్లకీ ఆ మొన లేదు. రెక్క ఈకల కొసలు అప్పటికే తొడుగులు చీల్చుకుని చిన్న బ్రష్‌ల్లా విచ్చుకున్నాయి. రెండూ కళ్లారా చూశాను. చూసి, డబ్బా మూసి, బండెక్కాను. ఇంత తెలివి ఎవరికుంటుంది చెప్పండి.

వెంట్, అంటే రెట్ట వేసే ద్వారం, చూసి చెప్తానని ఇంకొకడు వస్తాడు. 1920లలో జపాన్‌లో రూపుదిద్దుకున్న పద్ధతి అది, నేర్చినవాళ్ల చేతిలో నూటికి 95 పైనే కరెక్టు. కానీ పుట్టిన 24 గంటల్లోపు, మంచి లైటు కింద, రెట్ట పిండేసి, ద్వారం అంచు తిప్పి, ఆవగింజలో పావంత బుడిపె చూడాలి. గుండ్రంగా, గట్టిగా, నిగనిగలాడుతూ ఉంటే పుంజు. చదునుగా, మెత్తగా ఉంటే, లేదా అసలు లేకపోతే పెట్ట. కొన్ని పెట్టలకీ బుడిపె ఉంటుంది, శిక్షణ అవసరమయ్యేది అక్కడే. వీడియో చూసి ఇంట్లో ప్రయత్నించకండి. కడుపులో ఇంకా సొన సంచి ఉంటుంది, నొక్కుడు ఎక్కువైతే చితికి పిల్ల చచ్చిపోతుంది.

కాళ్లు పట్టి తలకిందులు చెయ్యడం, దారానికి సూది కట్టి ఊపడం, గుడ్డు కొస మొనదేలిందని చూడటం, ఇవన్నీ సగం సార్లు నిజమవుతాయి. నాణెం ఎగరేసినా అంతే.

వాడి దగ్గరే నల్ల మాంసం జాతి పిల్లలని తీసుకునేవాళ్లకి ఇంకో మాట. నూగు నల్లగా ఉంటే సరిపోదు. బ్లాక్ ఆస్ట్రలార్ప్ లాంటి మామూలు నల్లకోడి పిల్లకీ వీపు నల్లగానే ఉంటుంది, పొట్ట కింద మాత్రం తెల్లగానో పసుపుగానో ఉంటుంది. పొట్ట మీద నూగు పాయ తీసి చర్మం చూడండి, ముక్కు తెరిచి నాలుక చూడండి, పాదాల అడుగు చూడండి. అన్నీ నల్లబారి ఉండాలి. తడి దూది రుద్దితే దూదికి రంగంటినా, నూగు మొదలు దగ్గర లేతగా ఉన్నా అది రంగేసిన పిల్ల. సిల్కీ అని చెబితే కాలికి ఐదు వేళ్లు లెక్కపెట్టండి, బ్రహ్మా అంటే కాళ్ల మీద నూగుండాలి.

నిన్న ఫోన్ చేశా. తల మీద ఒకే వరుస తురాయి ఉండే రకాల్లో ఐదారు వారాలకే పుంజు తురాయి ఎర్రబడి పెరుగుతుంది, గొంతు కింద తిత్తులు కనిపిస్తాయి. నా పిల్లల్లో అవి కనిపించే ఫోటోలు కూడా పంపా. వాడి జవాబు: "పుంజులైతే కోళ్లు కావా సార్? గ్యారంటీ అంటే బతుకుతాయని గ్యారంటీ." తర్వాత బ్లాక్.

కొనేవాళ్లు తల్లి రకం ఏది, తండ్రి రకం ఏది, ఏ రోజు గుడ్డులోంచి బయటికొచ్చాయి అని మెసేజ్‌లో రాయించుకోండి. నోటిమాట వద్దు. అన్ని పిల్లల ముక్కులు, రెక్కలు కనిపించేలా వాడి ఎదురుగానే వీడియో తీసుకోండి. తలూపకండి.

ఇప్పుడే ఇంకో నంబర్‌లోంచి చూశా, కొత్త బ్యాచ్ రెడీ అని పెట్టాడు. బ్రౌన్ లేయర్, అన్నీ పెట్టలేనట. డబ్బా నిండా పసుపు పిల్లలే.