ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు: సొంత ల్యాబ్ మేలా, ఆసుపత్రి ల్యాబ్ సరిపోతుందా?

అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీ మెడికల్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు పెడదామనుకుంటే, తొలి మీటింగులోనే వాదన మొదలవుతుంది. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ అనడంలో ఎవరికీ పేచీ లేదు. చేతిపని ఎక్కడ నేర్పాలన్నదే పేచీ. కాలేజీలోనే ల్యాబ్ కట్టాలా? పాఠాలు మాత్రం చెప్పి, పనికి ఆసుపత్రి ల్యాబ్‌కు పంపితే చాలా?

రెండోది చవక. గది కట్టక్కర్లేదు, పరికరాలు కొనక్కర్లేదు. అడ్మినిస్ట్రేషన్ వాళ్లు అటే మొగ్గుతారు. కానీ ఆసుపత్రి ల్యాబ్ ఉన్నది రోగుల కోసం. తెల్లవారుజామున తీసిన రక్తం ట్రేలకొద్దీ వచ్చి పడుతుంది, డాక్టర్లు రౌండ్స్‌కు వచ్చేసరికి రిపోర్టులు రెడీగా ఉండాలి. ఆ హడావిడిలో పక్కనున్న విద్యార్థికి ఓపిగ్గా నేర్పడం ఎంత మంచి టెక్నీషియన్‌కైనా కష్టమే.

నేను ల్యాబ్ బెంచ్ మీద పనిచేసిన రోజుల్లో ఒకమ్మాయి ట్రైనింగ్‌కు వచ్చింది. థియరీ అంతా కంఠతా వచ్చు. బ్లడ్ స్మియర్ వేయమంటే, అంటే మైక్రోస్కోప్‌లో చూడటానికి స్లైడ్ మీద రక్తాన్ని పలచగా పరచమంటే, చెయ్యి వణికింది. స్లైడ్ మీద చిన్న రక్తపు బొట్టు పెట్టి, రెండో స్లైడును 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఆనించి, బొట్టు అంచు పొడవునా పాకాక ఆగకుండా ఒక్క ఊపులో తోయాలి. చివర ఈకలా పలచబడాలి. కణాలు విడివిడిగా కనిపించేది ఆ పలచటి చోటనే. ఆమె వేసినవన్నీ మందంగా, మధ్యలో గీతలతో వచ్చాయి. తప్పు ఆమెది కాదు. యాభై స్లైడులు పాడుచేసే అవకాశం అంతకుముందు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఆ అవకాశం కాలేజీ ల్యాబ్‌లోనే దొరుకుతుంది. అందుకే నా ఓటు సొంత ల్యాబ్‌కే.

అలాగని అన్నీ కొనేయాలని కాదు. మనిషికో మైక్రోస్కోప్ ఉండాలి, ఇందులో రాజీ వద్దు. సెంట్రిఫ్యూజ్, ఇంక్యుబేటర్, బ్లడ్ బ్యాంక్ ట్యూబ్ పరీక్షల సామాను కావాలి. శాంపిళ్లను తనంతట తానే పరీక్షించే పెద్ద ఎనలైజర్‌కు మాత్రం తొందరపడొద్దు. ఎవరైనా పాతది ఉచితంగా ఇచ్చినా రీఏజెంట్లకు (పరీక్ష రసాయనాలకు), సర్వీసు కాంట్రాక్టుకు డబ్బు పోస్తూనే ఉండాలి. ఎనలైజర్ లేకుండానే నేర్పగలిగినవి బోలెడు. పొటాషియం విపరీతంగా ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ ఉన్న రిపోర్టు ఒకటి చేతికిచ్చి, ఏమైందో చెప్పమనండి. ఊదారంగు మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ (అందులో పొటాషియం ఉంటుంది, అది కాల్షియాన్ని పట్టేస్తుంది) కలిసిందేమోనని అనుమానించి, రిపోర్టు ఆపి, మళ్లీ శాంపిల్ తీయమని అడగడం వచ్చిందంటే సగం టెక్నీషియన్ తయారైనట్టే.

అయితే కాలేజీ ల్యాబ్ ఇవ్వలేనివీ ఉన్నాయి. మైక్రోబయాలజీలో రోజూ వచ్చే రకరకాల కల్చర్లు (శాంపిల్ నుంచి పెంచే సూక్ష్మజీవులు), అర్ధరాత్రి ప్రమాదం కేసుకు రక్తం సిద్ధం చేసే టెన్షన్, ఇవి ఆసుపత్రిలోనే తెలుస్తాయి. కాబట్టి చేతిపని ముందు కాలేజీలో నేర్పి, చివర్లో క్లినికల్ రొటేషన్‌కు, అంటే ఆసుపత్రి ల్యాబ్‌లో విభాగాల వారీ శిక్షణకు పంపాలి. సీట్ల సంఖ్యను మాత్రం ఆ రొటేషన్ స్లాట్లను బట్టే తేల్చాలి. ఆసుపత్రులు ఆరుగురికే చోటిస్తామంటే ఆరుగురినే చేర్చుకోండి. ఒప్పందం రాతపూర్వకంగా చేతిలో పడకుండా అడ్మిషన్లు తెరవకండి. చదువంతా అయ్యాక స్లాట్ కోసం నెలల తరబడి ఎదురుచూడటం విద్యార్థికి నరకం.

ల్యాబ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ నాక్ల్స్ (NAACLS) అక్రెడిటేషన్ పని కూడా మొదటి రోజునుంచే నడవాలి. టెక్నీషియన్లకు సర్టిఫికెట్ ఇచ్చే ఏఎస్‌సీపీ (ASCP) సంస్థ పరీక్షకు నేరుగా కూర్చోవడానికి మామూలు దారి ఆ గుర్తింపు ఉన్న కోర్సు చదవడమే. పరీక్ష 100 ప్రశ్నలు, రెండున్నర గంటలు.

ఆసుపత్రి దారి నిజంగా నెగ్గే సందర్భం ఒకటుంది. చేరేవాళ్లు అప్పటికే అక్కడ ఫ్లెబాటమిస్టులుగా (రోగుల నుంచి రక్తం తీసేవాళ్లుగా) పనిచేస్తుంటే, కాలేజీ చాలా దూరమైతే, పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పి పని అక్కడే నేర్పడం న్యాయం. అప్పుడైనా నాలుగు మైక్రోస్కోపులు విద్యార్థుల కోసమే విడిగా ఉంచాలి, పక్కనే పాత కేసుల స్లైడుల పెట్టె ఒకటి పెట్టాలి. షిఫ్టు అయ్యాక కూర్చుని చూసుకుంటారు.