మూసీ ఒడ్డున వారసత్వ నడక: వరద కథకు వంద మార్కులు, పేర్ల దగ్గర కోత

హైదరాబాదులో వారసత్వ నడక అంటే చార్మినార్ దగ్గర మొదలై చౌమహల్లా ప్యాలెస్ దగ్గర ముగిసేదనే చాలామంది అభిప్రాయం. ఆ దారిని పక్కన పెట్టి, మూసీకి ఇరువైపులా ఉన్న ఇరవయ్యో శతాబ్దపు కట్టడాలను మాత్రమే చూపించే ఆదివారపు నడక ఒకదానికి ఇటీవల వెళ్లాను. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం (ఒకప్పటి ఆసఫియా), దాని సమీపంలోని ఉస్మానియా ఆసుపత్రి, నయాపుల్ వంతెన దాటాక హైకోర్టు, చివరగా సిటీ కాలేజీ ఇందులో ఉన్నాయి. దూరం తక్కువే కానీ, చూడవలసింది ఎక్కువ కాబట్టి ఉదయం పూటంతా పట్టింది.

ఈ నడకలో నాకు బాగా నచ్చింది కథ మొదలుపెట్టిన తీరు. గుమ్మటాలు, కమానుల వర్ణనతో కాకుండా, గైడు నేరుగా 1908 సెప్టెంబరు 28 నాటి వరదతో ప్రారంభించారు. ఆ రోజు మూసీ పొంగి సుమారు పదిహేను వేల మందిని బలి తీసుకుందని అంచనా. నది మీది ఇతర వంతెనలు దెబ్బతినగా, 1578లో కుతుబ్‌షాహీల కాలంలో కట్టిన పురానాపుల్ మాత్రం నిలబడింది. ఉస్మానియాకు ముందు అక్కడున్న అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆ ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతూ గైడు మమ్మల్ని ఆ చెట్టు కిందనే నిలబెట్టారు. ఇదంతా వింటేనే తప్ప, తర్వాత కట్టిన భవనాలు నది వైపు ముఖం పెట్టి అంత హుందాగా ఎందుకు నిలబడ్డాయో అర్థం కాదు. వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టి నీటిని ఆపాలని, నగరంలో ఒడ్డుల వెంబడి గట్లు వేసి ఉద్యానాలు పెంచాలని ఆయన సూచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి వీధులను, కట్టడాలను కొత్త రూపులో తీర్చింది. పత్తర్‌గట్టిలో నేటికీ నడిచే ఆ రాతి వరండాల దుకాణాల వరుస కూడా ఆ మండలి పనే.

నయాపుల్ మీద ఆగినప్పుడు ఉత్తరం ఒడ్డున ఆసుపత్రి, దక్షిణం ఒడ్డున హైకోర్టు ఎదురెదురుగా కనిపిస్తాయి. ఈ రెండింటినీ ఒకే చోట నిలబడి చూడవచ్చని నగరంలో పుట్టి పెరిగినవారిలోనూ చాలామంది గమనించరు. ఆ చూపు కోసమే ఈ నడకకు రావచ్చు, కాకపోతే నది వాసన తట్టుకోవాలి. ఎర్రరాయి, తెల్లరాయి కలిసిన హైకోర్టు 1919 నాటికి పూర్తయి, 1920 ఏప్రిల్‌లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ చేతుల మీదుగా ప్రారంభమైంది. ఆసుపత్రి 1925 ప్రాంతంలో సిద్ధమైంది. రెండింటి వెనుకా ఉన్న ఆర్కిటెక్ట్ విన్సెంట్ ఎష్. ఆయన అంతకుముందు కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ నిర్మాణాన్ని పర్యవేక్షించి, 1914లో హైదరాబాదు వచ్చారు. కాచిగూడ రైల్వే స్టేషను, సిటీ కాలేజీ కూడా ఆయనవే.

ఇక్కడే నా మొదటి అభ్యంతరం. వివరణ మొత్తం ఎష్ చుట్టూనే తిరిగింది. హైకోర్టు తొలి నమూనాను జైపూర్‌కు చెందిన శంకర్‌లాల్ తయారుచేశారని, నిర్మాణపు ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ అని ఒక్కసారైనా చెప్పలేదు. వందేళ్ల తర్వాత కూడా ఆ పేర్లను అడుగున పడేయడం ఏ వారసత్వ నడకకూ శోభ కాదు. రెండో అభ్యంతరం, ‘ఇండో సారసెనిక్’ (భారతీయ, ఇస్లామిక్, ఐరోపా పద్ధతులు కలిసిన శైలి) అన్న ముద్ర వేసి ముందుకు సాగిపోవడం. ఛత్రీ (కప్పు మీది చిన్న గుమ్మటపు మండపం) ఏది, ఛజ్జా (ముందుకు పొడుచుకొచ్చిన చూరు) ఏది, ఆ లోతైన వరండాలు ఎండను ఎలా ఆపుతాయి, జాలీల (రంధ్రాల రాతి తెరల) గుండా గాలి ఎలా ఆడుతుంది అనేవి చూపించి చెప్పి ఉంటే, గోడల ముందు నిలబడినందుకు ఫలం దక్కేది. పెళ్లి భోజనంలో వడ్డన పూర్తికాకముందే విస్తరి ఎత్తేసినట్టయింది.

అదే గైడు సున్నపు గోడల గురించి మాత్రం చాలా చక్కగా వివరించారు. డంగు సున్నంతో కట్టిన గోడ తేమను పీల్చి వదులుతుందని, దానిపై సిమెంటు పూత వేస్తే తేమ లోపలే నిలిచిపోయి గోడను కొరికేస్తుందని, పగుళ్లలో మొలిచిన రావి మొక్కల వేళ్లు మిగతా పని పూర్తి చేస్తాయని ఆసుపత్రి గోడలను చూపిస్తూ చెప్పారు. 2020 జూలైలో వాననీరు పాత భవనంలోని వార్డుల్లోకి చేరడంతో దాన్ని ఖాళీ చేయించారు. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. హైకోర్టు కొత్త సముదాయానికి కూడా 2024 మార్చిలో రాజేంద్రనగర్‌లో శంకుస్థాపన చేశారు. హైకోర్టు కూడా తరలిపోయాక ఈ రెండు పాత భవనాల గతేమిటని ఒక సహయాత్రికురాలు అడిగితే, గైడు నవ్వి, తర్వాతి మజిలీ వైపు నడిచారు. పాత కట్టడాల పరిరక్షణ కోసం చేసిన 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం గురించి రెండు ముక్కలు చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం ఉండదు.

సౌకర్యాల విషయానికొస్తే, మైకు లేకపోవడం పెద్ద లోటు. వంతెన మీది ఆటోల హారన్ల నడుమ వెనక నిలబడినవారికి సగం మాటలే వినిపించాయి. భవనాలను బయటి నుంచే చూడాలి, లోపలికి ప్రవేశం లేదు, ఆ సంగతి పేరు నమోదు చేసుకునేటప్పుడే స్పష్టంగా చెప్పవలసింది. గ్రంథాలయాన్ని పది నిమిషాల్లో దాటేశారు. 1891లో మొదలై 1936లో ఇప్పటి భవనంలోకి వచ్చిన ఆసఫియా గ్రంథాలయానికి అంత తక్కువ సమయం సరిపోదు. సిటీ కాలేజీ దగ్గరకు చేరేసరికి ఎండ ముదిరి ఎవరికీ వినే ఓపిక మిగల్లేదు కాబట్టి, దాన్ని ముందే చూపించే ఏర్పాటు ఉంటే బాగుండేది.

ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషను) మెట్రో స్టేషను దగ్గర్లోనే ఉంది కాబట్టి సొంత వాహనం తేకపోవడమే మేలు. రుసుము అడిగినంత ఇచ్చుకోవచ్చు, ఎక్కువ కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి, గైడుకు దగ్గరగా నిలబడండి, హైకోర్టు దగ్గరకు రాగానే శంకర్‌లాల్ పేరు మీరే ఎత్తండి.