అకిరా, హోనియామీస్, గన్‌బస్టర్: ఇప్పుడు మళ్లీ చూడాలంటే ఏది మేలు?

ఎనభైల నాటి జపాన్ సైన్స్ ఫిక్షన్ యానిమేలు, అంటే అక్కడి బొమ్మల సినిమాలు, సీరియళ్లు, ఒక్కొక్కటే మంచి ప్రింట్లతో తిరిగి వస్తున్నాయి. అకిరా 2020లో 4కె రూపంలో వచ్చింది, రెండేళ్ల తర్వాత హోనియామీస్ కూడా వచ్చింది. అప్పట్లో మసకబారిన వీడియో కాపీల్లో చూసినవాళ్లకీ, పేర్లు మాత్రమే విన్నవాళ్లకీ ఒకటే సందేహం. వారాంతంలో ఒక్కదానికే టైమ్ ఉంటే ఏది పెట్టాలి?

నా లెక్కలో పోటీ మూడింటి మధ్యే. లెజెండ్ ఆఫ్ ది గెలాక్టిక్ హీరోస్ గొప్పదే, కాదనను. కానీ 1988లో మొదలై 1997 దాకా సాగిన 110 ఎపిసోడ్లవి. దానికి వారాంతం చాలదు, సెలవు పెట్టాలి. మాక్రాస్‌లో 1982 నాటి సీరియల్ చూడాలా, 1984 సినిమా చూడాలా అన్నది వేరే పంచాయితీ. మిగిలిన మూడింటిలో ఏది గొప్ప అనే వాదనలోకి నేను పోను. కథ ముందే తెలిసిన మనిషి మళ్లీ చూస్తే కొత్తగా ఏమైనా దొరుకుతుందా? నా కొలత అదొక్కటే.

ముందు అకిరా. 1988 జులై 16న జపాన్‌లో విడుదలైంది. సినిమాలో టోక్యో పేలిపోయే తేదీ కూడా సరిగ్గా అదే. అక్కడినుంచి కథ 2019కి దూకుతుంది. శిథిలాల పక్కన కట్టిన నియో టోక్యో, ఎర్ర బైక్ మీద కనెదా, అతని నీడలో పెరిగి విసిగిపోయిన తెత్సువో. దర్శకుడు ఒతోమో కత్సుహిరో తన మాంగానే, అంటే తను గీసిన బొమ్మల కథనే, తెరకెక్కించాడు. అప్పట్లో జపాన్‌లో బొమ్మలు గీశాక మాటలు చెప్పించడం మామూలు. ఇక్కడ మాటలు ముందే రికార్డ్ చేసి, పెదవుల కదలికను వాటికి సరిపోయేలా గీశారు. వాడిన సెల్స్, అంటే బొమ్మలు గీసే పారదర్శక షీట్లు, లక్షా అరవై వేలకు పైనే. కంప్యూటర్ మీద ఆధారపడకుండా, మనుషులు కూర్చుని చేత్తో గీసి రంగులు వేసిన పని ఇదంతా. రాత్రి నగరంలో బైకుల వెనక ఎర్రటి వెలుగు చారలై సాగే ఆ మొదటి పది నిమిషాలు ఇవాళ్టికీ కళ్లు తిప్పుకోనివ్వవు. గెయినో యమషిరోగుమి బృందం ఇచ్చిన సంగీతం కూడా అంతే. బాలి గామెలాన్ మోతలూ, జపాన్ నో నాటకాల ఆలాపనా కలిసి వస్తుంటే చూస్తున్నది బైక్ రేసో జాతర్లో పూనకమో తెలియదు.

ఇక రెండోసారి చూడటం సంగతి. ఈసారి కన్ను మూలలకు పోతుంది. గోడల మీద రాతలు, వీధుల్లో నిరసనలు, సైన్యానికీ రాజకీయ నాయకులకూ మధ్య గుద్దులాట కనిపిస్తాయి. 2020లో నియో టోక్యోలో ఒలింపిక్స్ జరగాల్సి ఉంటుంది. ఆ బోర్డు మీద ఎవరో రద్దు చేసేయమని రాసి ఉంటారు. కరోనా వల్ల నిజం ఒలింపిక్స్ వాయిదా పడ్డప్పుడు ఆ ఫ్రేము తెగ తిరిగింది. సరదాగానే ఉంది కానీ, దాన్ని జోస్యంలా ఊదరగొట్టడం అతి.

కథ మాత్రం రెండోసారి ఇంకా పలచబడుతుంది. సినిమా తీసేనాటికి మాంగా పూర్తికాలేదు, అది 1990 దాకా నడిచింది. రెండు వేల పేజీలకు పైబడిన కథని రెండు గంటల్లో కుక్కేసరికి చివరి అరగంట పేలుళ్ల మీద పేలుళ్లే. మాంగాలో కథను మోసే మియాకో ఇక్కడ ఇలా కనిపించి అలా పోతుంది. కనెదా, తెత్సువోల మధ్య పాత స్నేహం, అసూయ మనసుకు పట్టాల్సిన చోట తెర మీద తెత్సువో ఒంటి మాంసం ఉబ్బుతూ పోతుంది. అద్భుతంగా గీశారు, ఒప్పుకుంటాను. కానీ మొదటిసారి నోరు తెరిచి చూసిన చోట రెండోసారి వాచీ చూసుకున్నాను.

హోనియామీస్ దీనికి పూర్తిగా ఎదురు. 1987లో వచ్చిన ఈ సినిమా తీయడం కోసమే గైనాక్స్ అనే స్టూడియో పుట్టింది. దర్శకుడు యమగా హిరోయుకికి పాతికేళ్లు కూడా నిండలేదు. డబ్బు పెట్టింది బొమ్మల కంపెనీ బందాయ్, సంగీతం చూసుకున్నది సకమోతో ర్యుయిచి. కుర్రాళ్ల చేతికి అంత డబ్బు ఎలా ఇచ్చారా అని ఇప్పటికీ ఆశ్చర్యం వేస్తుంది.

కథలో యుద్ధ రోబోలు లేవు. మన భూమిలాంటిదే కానీ మనది కాని ఒక లోకం. అక్కడ నాణేలు చిన్న కడ్డీల్లా ఉంటాయి. విమానాలు, బట్టలు, వీధి దీపాలు అన్నీ కొత్తగా ఊహించినవే. ఎవరూ లెక్కచేయని ఒక అంతరిక్ష దళం, అందులో నౌకాదళంలో చేరేందుకు మార్కులు చాలక వచ్చిపడ్డ షిరోత్సుగు. మనిషిని రోదసిలోకి పంపాలన్న వాళ్ల పిచ్చి కలని ప్రభుత్వం పక్కదేశాన్ని రెచ్చగొట్టడానికి వాడుకుంటుంది. మొదటిసారి చూస్తే నిద్ర వస్తుంది, అబద్ధం ఎందుకు. రెండోసారి అదే నెమ్మది రుచిగా ఉంటుంది, ఎందుకంటే ప్రతి గదిలో చూడటానికి ఏదో ఒకటి ఉంటుంది. రాకెట్ లేచే ఘట్టం గీసింది తర్వాత ఇవాంజెలియన్ అనే సీరియల్ తీసిన అన్నో హిదెయాకి. రాకెట్ ఒంటి మీది మంచు పెళ్లలు పెళ్లలుగా రాలే తీరు కోసమైనా ఈ సినిమా చూడాలి.

అయితే ఇందులో ఒక మచ్చ ఉంది, దాన్ని దాటి పోలేం. నడిమధ్యలో షిరోత్సుగు తనకు ఆశ్రయం ఇచ్చిన రికిన్నీ మీద అత్యాచారానికి తెగబడతాడు. ఆమె తలమీద కొట్టి తప్పించుకుంటుంది. మర్నాడు అతను క్షమాపణ అడగబోతే, కొట్టినందుకు తనే క్షమించమంటుంది! హీరో కూడా నీచుడే అని చూపడం దర్శకుడి ఉద్దేశం అనేవాళ్లున్నారు. సరే, మరి ఆ తర్వాత సినిమా ఏమీ జరగనట్టు ముందుకు పోవడమేమిటి? మళ్లీ చూసినప్పుడు ఆ సీన్ ఇంకా ఎక్కువ గుచ్చుకుంటుంది, ఎందుకంటే అప్పటికి రికిన్నీ మనకు బాగా తెలిసిన మనిషి.

ఇక గన్‌బస్టర్. 1988 అక్టోబరు నుంచి 1989 జులై వరకు టీవీతో, థియేటర్‌తో పని లేకుండా నేరుగా వీడియో టేపుల మీద అమ్మిన ఆరు భాగాలు. మొత్తం కలిపి మూడు గంటల లోపే. అదే గైనాక్స్, దర్శకుడిగా అన్నోకి ఇదే మొదటిది. మొదటి భాగం చూసి చాలామంది ఆపేస్తారు, వాళ్లను తప్పుపట్టను. భారీ రోబోలు స్కూలు మైదానంలో కసరత్తు చేస్తుంటాయి, వాటిని నడపడం నేర్చుకునే పిల్ల నోరికో ఏడుస్తుంటుంది, కోచ్ అరుస్తుంటాడు. అక్కర్లేని స్నానాల సీన్లు వేరే.

కానీ రెండో భాగంలో నోరికో తండ్రి పోయిన నౌక వెలుగు వేగానికి దగ్గరగా దూసుకుంటూ ఎదురవుతుంది. అంత వేగంలో కాలం నెమ్మదిస్తుంది కాబట్టి, భూమ్మీద ఏళ్లు గడిచినా ఆ నౌకలో కాలం ఇంకా రోజుల్లోనే ఉంది. నాన్న బతికే ఉన్నాడేమోనని ఆ పిల్ల పరుగెడుతుంది. అక్కడినుంచి కథ అసలు విషయం కాలమే. సముద్రం అడుగున కొన్నాళ్లు గడిపి వచ్చేసరికి ఊళ్లో తెలిసినవాళ్లెవరూ మిగలని ఉరషిమా తారో కథ జపాన్‌లో పిల్లలందరికీ తెలుసు. మనకు భాగవతంలో కకుద్మి ఉన్నాడు. కూతురు రేవతికి మంచి వరుడెవరో అడుగుదామని బ్రహ్మలోకానికి వెళ్లి, పాట అయ్యేదాకా ఆగి, తిరిగి వచ్చేసరికి యుగాలే దొర్లిపోతాయి. ఆ కథ విన్నప్పుడు కలిగే బెంగని ఐన్‌స్టీన్ లెక్కతో బిగిస్తే గన్‌బస్టర్.

అయిదో భాగంలో నోరికో స్కూలు స్నేహితురాలు కిమికో వస్తుంది. ఆమెకు పెళ్లయి, ఓ పాప. నోరికో ఇంకా అమ్మాయిగానే ఉంది. నోరికోతో కలిసి పోరాడే కజుమి ప్రేమించిన కోచ్ జబ్బుతో ఉంటాడు. యుద్ధంలో ఆమెకు గడిచేది కొద్దిసేపే, భూమ్మీద ఆయనకు నెలలు. ఆ నెలలు ఆయన దగ్గర లేవు. ఇరవైల్లో చూస్తే ఈ ఘట్టం అంతరిక్ష రాక్షసులతో యుద్ధానికి ముందు సాగతీతలా ఉంటుంది. ఊరు వదిలి వెళ్లినవాళ్లకీ, ఏళ్ల తర్వాత స్నేహితుల్ని కలిసి వాళ్ల పిల్లల ఎత్తు చూసి తెల్లబోయినవాళ్లకీ యుద్ధం కంటే ఇదే గుర్తుంటుంది. ఆఖరి భాగం దాదాపు అంతా నలుపు తెలుపుల్లో తీశారు. మహాయుద్ధం మధ్యలో కదలని బొమ్మల్ని వరసగా పెట్టారు. అకిరా లక్ష సెల్స్‌తో చేసిన పని ఇక్కడ నిలబడిన బొమ్మలు చేస్తాయి. రంగు ఎప్పుడు తిరిగి వస్తుందో చెప్పను.

కాబట్టి నా ఓటు గన్‌బస్టర్‌కే. ఒక్క రాత్రిలో అయిపోతుంది, మొదటి భాగాన్ని కాస్త ఓర్చుకోండి. అసలు యానిమే ఎప్పుడూ చూడని మనిషైతే మాత్రం అకిరాతోనే మొదలుపెట్టాలి, అదీ పెద్ద తెర, మంచి స్పీకర్లు ఉన్నచోట; ఫోన్‌లో చూస్తే సగం పోయినట్టే. చూసి కథ అర్థం కాలేదనిపిస్తే మాంగా ఆరు సంపుటాలు చదవండి, సినిమా కంటే అదే మేలు. హోనియామీస్ బొమ్మలు గీసేవాళ్లకీ, కొత్త లోకాలు ఊహించి రాసేవాళ్లకీ. మూడింటిలో ఏదైనా సరే, జపనీస్ మాటలతో సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. కార్టూనే కదా అని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోకండి.