చిప్ అతకడానికి సోల్డర్, మైక్రాన్ వెండి, నానో వెండి: ఏది మేలు?

పెద్ద మొత్తంలో విద్యుత్తును నియంత్రించే పవర్ ఎలక్ట్రానిక్స్‌లో సెమీకండక్టర్ చిప్‌ను దాని కిందనున్న రాగి పలకకు అతకడానికి తగరం ప్రధానంగా ఉన్న సోల్డర్ (కరిగించి అతికే మిశ్రమ లోహం), మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) స్థాయి కణాల వెండి పేస్ట్, నానోమీటర్ (మైక్రాన్‌లో వెయ్యో వంతు) స్థాయి కణాల నానో వెండి పేస్ట్ అనే మూడింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసి వస్తుంది. కణం చిన్నదయ్యేకొద్దీ ద్రవీభవన స్థానం తగ్గుతుంది కనుక నానో వెండి తక్కువ వేడికే కరిగి అతుక్కుంటుందని చాలామంది చెబుతుంటారు. ఇందులో మొదటి సగం నిజం, రెండో సగంతోనే పేచీ.

కణం చిన్నదైతే ఉపరితలం మీద ఉండే పరమాణువుల వాటా పెరుగుతుంది. వాటిని పట్టి ఉంచే బంధాలు తక్కువ కాబట్టి స్ఫటికం త్వరగా చెదురుతుంది. శాస్త్రవేత్త పావ్లోవ్ 1909లోనే ఉష్ణగతిక శాస్త్రం ఆధారంగా దీన్ని సూత్రీకరించగా, 1954లో జపాన్ శాస్త్రవేత్త తకాగి పలుచని లోహపు పొరలలో ఎలక్ట్రాన్ వివర్తనం (ఎలక్ట్రాన్ పుంజం స్ఫటికం గుండా చెదిరే తీరును చూసే పద్ధతి) ద్వారా ప్రత్యక్షంగా చూపారు. తగ్గుదల స్థూలంగా కణ వ్యాసానికి విలోమానుపాతంలో ఉంటుంది. మామూలుగా 1064 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగే బంగారం 5 నానోమీటర్ల కణంగా ఉన్నప్పుడు సుమారు 200 డిగ్రీల ముందే కరుగుతుంది. అదే లెక్కన 50 నానోమీటర్లకు తేడా 20 డిగ్రీలు, 5 మైక్రాన్లకు 0.2 డిగ్రీ.

పేస్టులలోని నానో వెండి కణాలు ఎక్కువగా పదుల నానోమీటర్లలో ఉంటాయి. వెండి ద్రవీభవన స్థానం 962 డిగ్రీలు, పేస్ట్‌ను వేడిచేసి అతికే కొలిమి వేడి సుమారు 250. అంటే అక్కడ కరగడమన్నది జరగదు. ఉపరితల శక్తిని తగ్గించుకునే క్రమంలో పరమాణువులు ఘనస్థితిలోనే విసరణ చెంది (మెల్లగా ఒకచోటి నుంచి మరోచోటికి కదిలి), కణాల మధ్య మెడలు ఏర్పడి, అవి ఒకటిగా అతుక్కుంటాయి. దీన్నే సింటరింగ్ అంటారు.

ఈ తేడాయే ఎంపికను నిర్ణయిస్తుంది. సీసం లేని సాధారణ సోల్డర్ 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది. చిప్ 150 డిగ్రీల వద్ద పనిచేస్తే, కెల్విన్ లెక్కలో (పరమ శూన్యం, అంటే మైనస్ 273 డిగ్రీల నుంచి కొలిస్తే) అది సోల్డర్ కరిగే స్థానంలో 86 శాతం, వెండి విషయంలో 34 శాతం మాత్రమే. కరిగే స్థానానికి దగ్గరైన కొద్దీ లోహం మెత్తబడుతుంది, అందుకే సోల్డర్ అతుకు ఆ వేడిలో మెల్లగా సాగి, వేడి పెరిగి తగ్గే ప్రతి చక్రంలోనూ అలసిపోతుంది. వెండి అతుకు మాత్రం 250 డిగ్రీల వద్ద తయారైనా, ఏర్పడ్డాక 962 డిగ్రీల లోహంగానే ప్రవర్తిస్తుంది. సాధారణ బోర్డులకు సోల్డర్ చాలు, చవక కూడా. సిలికాన్ కార్బైడ్ వంటి వేడెక్కే చిప్‌లకు అది తగదు.

వెండి రకాలు రెండింటిలో పెద్ద చిప్‌కు మైక్రాన్ పేస్ట్ వైపే నేను మొగ్గుతాను. దానికి చాలాసార్లు పదుల మెగాపాస్కల్‌ల (ఒక మెగాపాస్కల్ అంటే వాతావరణ పీడనానికి సుమారు పది రెట్లు) పీడనం, అందుకు తగిన ప్రెస్ కావాలి, పలుచని చిప్ పగిలే ప్రమాదమూ ఉంది. అయినా అతుకు దట్టంగా వస్తుంది. నానో పేస్ట్‌కు పీడనం లేకుండానే పని జరగవచ్చు గాని, కణాలు ముందే ఒకదానికొకటి అంటుకోకుండా పూసిన సేంద్రియ పొర వేడికి విడిపోయి బయటికి పోవాలి. పెద్ద చిప్ కింద మధ్య భాగం నుంచి ఆ వాయువులు తప్పించుకోలేక రంధ్రాలు మిగులుతాయి, సంకోచంతో పగుళ్లూ వస్తాయి. చిన్న చిప్‌లకు, పీడనం భరించలేని వాటికి నానోయే మేలు. రెండు సందర్భాల్లోనూ పేస్ట్ డబ్బా మీది కణ పరిమాణం కన్నా ముందు అడగవలసింది సింటరింగ్ తర్వాత మిగిలే రంధ్రాల శాతం.