ఒకే ద్రాక్ష, రెండు చేలు: ఫొరదోరి వైన్లు

ఇటలీ ఉత్తరాన ట్రెంటీనో ప్రాంతంలో, ఆల్ప్స్ కొండగోడల నడుమ, అడీజె, నోచె నదులు మోసుకొచ్చిన ఇసుకతో, గులకరాళ్లతో ఏర్పడిన కాంపో రొటలియానో అనే మైదానం ఉంది. తెరోల్దెగో అనే నల్లద్రాక్షకు పేరు తెచ్చిన నేల ఇదే. ఆ ప్రాంతపు ద్రాక్షలో అధికభాగం పెద్ద సహకార సంఘాలకే చేరుతుంది కనుక, సొంత తోటలో పండించి సొంత పేరుతో సీసాలు నింపే కుటుంబాలు తక్కువ. మెజ్జొలొంబార్దో ఊరిలోని ఫొరదోరి కుటుంబం వాటిలో ఒకటి. వీరి తోట ముప్పై హెక్టార్లకు లోపే.

ఎలిజబెత్తా ఫొరదోరి చిన్నతనంలోనే తండ్రి పోవడంతో, సమీపంలోని సాన్ మికేలె వ్యవసాయ విద్యాలయంలో చదువు ముగించి, 1980ల మధ్యలో ఆమె తోట బాధ్యత తీసుకున్నారు. అప్పటికి తెరోల్దెగో అంటే విరగకాసే తీగల నుంచి వచ్చే చవక వైన్. ట్రెంటీనోలో ద్రాక్షను పందిరి మీదికి పాకించడం పాత పద్ధతి; హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పటి అనాబ్-ఎ-షాహి తోటలను చూసినవారికి ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. ఆమె పాత తోటల్లోని మేలైన తీగలను ఏరి, వాటి కొమ్మలతోనే కొత్త మొక్కలు పెంచి, కాపు తగ్గించి రుచి పెంచారు. ఓక్ పీపాల్లో పెట్టి 1986 పంటతో మొదలుపెట్టిన గ్రనాతో వైన్ ఆమెకు పేరు తెచ్చింది. 2002లో తోటను సేంద్రియ సాగులోనే ఒక రకమైన బయోడైనమిక్ సాగులోకి మార్చారు; 2009లో ఆ సాగుకు గుర్తింపు ఇచ్చే డెమెటర్ సంస్థ ధ్రువీకరణ వచ్చింది.

సేంద్రియం అనగానే ఏ మందూ చల్లరని అనుకోకూడదు. వానలు ఎక్కువైన ఏడాది బూజు తెగులును ఆపడానికి, మన రైతులు బోర్డో మిశ్రమం కొట్టినట్టే, అక్కడి సేంద్రియ రైతులకూ రాగి, గంధకమే దిక్కు. అయితే ఐరోపా సమాఖ్య సేంద్రియ రైతులకు ఏడేళ్లలో హెక్టారుకు 28 కిలోల రాగి అని హద్దు పెట్టింది. డెమెటర్ నియమం అంతకంటే కఠినం. ఆవు కొమ్ములో పేడ నింపి చలికాలమంతా భూమిలో పాతిపెట్టి తీసిన ఎరువు, చంద్రుని గమనాన్ని బట్టి పనులు చేయడం వంటి బయోడైనమిక్ విధానాలలో కొన్నిటిపై నాకు సందేహాలున్నాయి. వైన్ నాణ్యతను మాత్రం అవి తగ్గించలేదు.

వీరి వైన్లలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినవి స్గార్జోన్, మొరేయి. రెండూ తెరోల్దెగోయే. రెంటినీ స్పెయిన్ నుంచి తెప్పించిన తినాహా అనే పెద్ద మట్టి బానల్లో, తొక్కలతో సహా నెలల తరబడి ఉంచుతారు. ద్రాక్ష ఒకటే, బాన ఒకటే, చేయి ఒకటే కావడంతో, మిగిలిన తేడా చేనిదే. ఇసుక ఎక్కువగా ఉన్న స్గార్జోన్ చేని వైన్ తేలికగా, చల్లగా, ఎర్రపండ్ల వాసనతో, పులుపు ముందుకు వచ్చేలా ఉంటుంది. రాళ్లు ఎక్కువగా ఉన్న మొరేయి చేనిది చిక్కగా, ముదురు రంగులో, నాలుకపై కాస్త వగరుగా నిలుస్తుంది. నేరేడు పండు తిన్నాక నోట్లో మిగిలే రుచి గుర్తుకు వస్తుంది. ఓక్ పీపా ఇచ్చే వెనిలా, కాల్చిన చెక్క వాసనలు బానలో లేవు కనుక ఈ తేడాను కప్పేది ఏదీ లేదు. మట్టిపాత్రలో పులియబెట్టడం ఇటీవల ప్రచారపు ఆకర్షణగా మారిపోయింది. ఇక్కడ మాత్రం దానికి స్పష్టమైన ప్రయోజనం ఉంది.

ట్రెంటో నగరం పైనున్న ఫోంతానసాంత కొండల నుంచి వచ్చే నోజియోలా అనే తెల్లవైన్ కూడా బానల్లో తొక్కలతోనే తయారవుతుంది. సువాసనలు గుప్పుమనే తెల్లవైన్లకు అలవాటుపడినవారికి ఇది మొదట నిరుత్సాహం కలిగించవచ్చు. ఫ్రిజ్ నుంచి తీసిన వెంటనే తాగితే ఉప్పదనం, పులుపు తప్ప మరేమీ తెలియవు. గాలి తగిలి, చలువ కొంత తగ్గాకే దీని అసలు రుచి బయటపడుతుంది.

ధర విషయానికి వస్తే, బాన వైన్లు ఖరీదైనవే, రోజువారీ భోజనానికి తెరిచేవి కావు. ఐరోపాలో గానీ అమెరికాలో గానీ ఉంటున్న తెలుగువారికి నా సలహా, మొదట కుటుంబం పేరుతోనే వచ్చే మామూలు తెరోల్దెగో కొనండి. ధర తక్కువైనా తోట స్వభావం అందులోనూ తెలుస్తుంది. సీసాపై ప్రాంతీయ గుర్తింపు పేరు తెరోల్దెగో రొటలియానో కోసం వెతకవద్దు. ఈ కుటుంబం విన్యేతి దెల్లె దోలొమీతి అన్న విశాలమైన వర్గం కిందే అమ్ముతోంది. ఆల్కహాలు మరీ ఎక్కువ కాదు, వగరు మెత్తన, కనుక మిరపకారం దీనితో మంట పెంచదు. వేటమాంసం వేపుడుకు, మిరియాలు వేసిన నాటుకోడికి చక్కగా కుదురుతుంది. గోంగూర మాంసంతో మాత్రం వద్దు, రెండు పులుపులూ పోట్లాడుకుంటాయి. తాగే ముందు సీసాను పావుగంట ఫ్రిజ్‌లో ఉంచి, ఆ తర్వాత తెరవండి.